ఆ షట్టర్‌లో కనిపిస్తున్న కిటికీ ఎవరిది?

హైదరాబాద్ పాతబస్తీలో, శాలిబండలోనో మొగల్‌పురాలోనో మాడ్యులర్ కిచెన్లు చేసే దుకాణంలో కాసేపు కూర్చుంటే, బేరం ప్లైవుడ్ దగ్గర మొదలవదని అర్థమవుతుంది. ‘త్రీడీ’ దగ్గర మొదలవుతుంది. ఎనభై గజాల స్థలంలో నాలుగంతస్తులు లేపిన ఇంటాయన కొలతల కాగితం చేతిలో పెట్టి, ఎల్లుండికల్లా ఫోన్‌కి బొమ్మ రావాలంటాడు. వస్తుంది. అందులో అలమరా షట్టర్లు తెల్లగానో, వైన్ రెడ్‌గానో అద్దంలా మెరుస్తుంటాయి. ఆ బొమ్మను వేళ్లతో లాగి కాస్త పెద్దది చేసి చూడండి. మెరుపు లోపల నేల నుంచి కప్పు దాకా ఉన్న గాజు కిటికీ, దాని అవతల చెట్లు, పలచటి ఆకాశం కనబడతాయి. గుల్జార్ హౌజ్ వెనక గల్లీలో అలాంటి కిటికీ ఎక్కడుంది? ఆ వంటింటికి ఎదురుగా ఉన్నది పక్కింటి ఆకుపచ్చ గోడ. రెంటికీ మధ్య నాలుగడుగుల సందు.

నిగనిగలాడే ఫినిష్‌ను కంప్యూటర్‌లో నమ్మేలా చూపించడం ఎలా అన్న ప్రశ్నకు యాభై ఏళ్లుగా జవాబులు వస్తున్నాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే నాకు తోచేది ఒకటే. వెలుగు లెక్క దాదాపు తేలిపోయింది, గది లెక్క తేలలేదు. మెరుపు షట్టర్‌కు ఉండే గుణం అనుకుని సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్లు జరుపుతున్నాం. దానిలో సగానికి పైగా షట్టర్‌కు ఎదురుగా ఉన్నదాని నుంచి వస్తుంది. ఎదురుగా ఏముందో సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పడం లేదు.

లెక్క ఎలా తేలిందో త్వరగా చెప్పుకోవచ్చు. వియత్నాంలో పుట్టిన బుయ్ తువోంగ్ ఫోంగ్ 1973లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనలో మెరుపుకు ఒక సులువైన సూత్రం కట్టాడు. 1975లో అది అచ్చయింది. దీపం తగిలే చోట ఒక తెల్లని మచ్చ, ఆ మచ్చ ఎంత పదునుగా ఉండాలో చెప్పే ఒక అంకె, అంతే. అది దీపానికి ప్రతిబింబం కాదు, అక్కడెక్కడో దీపం ఉందనే గుర్తు మాత్రమే. పాత హోమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ‘షైనీ’ అని ఉండే మీట వెనక చాలాకాలం ఉన్నది ఈ సూత్రమే. గుండ్రటి కూజా మీద బాగుంటుంది. చదునైన షట్టర్ మీద మాత్రం ఒక్కోసారి మచ్చ అసలు కనిపించదు, కనిపిస్తే సున్నం మరకలా ఉంటుంది. 1976లో బ్లిన్, న్యూవెల్ చుట్టుపక్కల దృశ్యాన్నంతా ఒక చిత్రంగా చేసి వస్తువు మీద ప్రతిబింబంగా వేసే ఉపాయం కనిపెట్టారు. 1980లో టర్నర్ విటెడ్ కిరణాన్ని కంటి నుంచి బయల్దేరదీసి, వస్తువుకు తగిలించి, అక్కణ్నుంచి ఎదుటి వస్తువు దాకా నడిపించే రే ట్రేసింగ్ పద్ధతిని అచ్చులో పెట్టాడు. 1986లో జేమ్స్ కజియా మొత్తం వెలుగు రాకపోకలను ఒకే సమీకరణంలో ఇమిడ్చాడు. 1998లో పాల్ డెబెవెక్ నిజమైన చోట రకరకాల ఎక్స్‌పోజర్లతో తీసిన ఫోటోలనే దీపాలుగా వాడి దృశ్యాన్ని వెలిగించాడు. ఈనాటి ‘హెచ్‌డీఆర్‌ఐ’ లైటింగ్ అదే. 2012లో డిస్నీ స్టూడియోలో బ్రెంట్ బర్లీ ఇదంతా చిత్రకారులు వాడుకోగలిగే పదీ పన్నెండు స్లైడర్లకు కుదించాడు. పైపూతకు ‘క్లియర్‌కోట్’ అని విడిగా ఒకటి పెట్టాడు. 2017లో త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తన 2.79 వెర్షన్‌లో దాన్ని తీసుకుంది. యానిమేషన్ సినిమాల కోసం పుట్టిన లెక్క అలా చాంద్రాయణగుట్టలో వార్డ్‌రోబ్ అమ్మకానికి పనికొచ్చింది.

ఈ చరిత్రలో షట్టర్లు చేసేవాడికి అందరికన్నా ఎక్కువ పనికొచ్చే పేరు మాత్రం వీళ్లెవరిదీ కాదు. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ఇంజనీరు ఫ్రెనెల్‌ది.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే దుంగకు ముందు మెఫిస్టోఫెలిస్‌నూ, వెనక మార్గరెటానూ చెక్కిన బొమ్మ ఉంది. వెనకవైపు నిలువుటద్దం ఉండడం వల్ల మార్గరెటా స్పష్టంగా కనిపిస్తుంది. అద్దం తన మీద పడిన వెలుగులో చాలా భాగం తిప్పి పంపేస్తుంది. ఆ అద్దం స్థానంలో హైగ్లాస్ ఆక్రిలిక్ పలక పెడితే మార్గరెటా నీడలా మాత్రమే కనిపిస్తుంది. ఆక్రిలిక్, పీయూ (పాలీయురిథేన్) పూత, గాజు, వార్నిష్ ఏదైనా సరే వక్రీభవన గుణకం ఒకటిన్నర చుట్టూనే ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే తిరిగొచ్చేది సుమారు 4 శాతమే. పక్కకు జరిగి చూపు ఏటవాలు అయ్యేకొద్దీ అది పెరుగుతుంది. లంబం నుంచి 60 డిగ్రీల దగ్గర 9 శాతం, 80 డిగ్రీల దగ్గర దాదాపు 39 శాతం. ఫ్రెనెల్ చెప్పింది ఇదే. 1994లో క్రిస్టఫ్ ష్లిక్ దీనికి ఇచ్చిన చిన్న సూత్రాన్నే ఇప్పటికీ చాలా సాఫ్ట్‌వేర్లు వాడుతున్నాయి.

దీన్ని కళ్లారా చూడాలంటే పురానీ హవేలీకి వెళ్లాలి. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల కోసం బర్మా టేకుతో కట్టిన రెండంతస్తుల వార్డ్‌రోబ్ అక్కడ భవనం ఒక పక్క పొడుగునా సాగుతుంది. పై వరసకు చేరడానికి చేతితో తిప్పే చెక్క లిఫ్టు కూడా ఉంది. నడవా మొదట్లో నిలబడితే పక్కనున్న తలుపులో చెక్క చారలు కనిపిస్తాయి. దూరంగా చివర ఉన్న తలుపుల మీద చారలు తగ్గి, వెలుగు జారుతున్నట్టు కనిపిస్తుంది. చెక్క అదే, పాలిష్ అదే, మారింది చూపు కోణం ఒక్కటే. పాతబస్తీ వంటిళ్లు చాలామటుకు ఇరుకు నడవాలే కాబట్టి షట్టర్లను ఎప్పుడూ ఏటవాలుగానే చూస్తాం. అందుకే రిఫ్లెక్షన్ అన్ని కోణాల్లోనూ ఒకేలా ఉంచిన బొమ్మ ఎంత మెరిసినా స్టీలు బీరువాలా ఉంటుంది, ఆక్రిలిక్‌లా ఉండదు. డిజైనర్లు చేసే పొరపాట్లలో తరచూ కనిపించేది ఇదేనంటాను. మెరుపు చాలలేదని రిఫ్లెక్షన్‌ను 4 నుంచి 30 శాతానికి లాగుతారు. ఆ క్షణంలో ప్లాస్టిక్ కాస్తా లోహమైపోతుంది.

తెల్ల షట్టర్లతోనే ఈ తొందర ఎక్కువ. దానికి కారణం లెక్కలోనే ఉంది. వంటింట్లో 200 లక్సుల వెలుగు ఉందనుకుందాం. పడిన వెలుగులో 80 శాతం వెదజల్లే తెల్ల పలక ప్రకాశం చదరపు మీటరుకు 50 క్యాండెలాల దాకా ఉంటుంది. 4 శాతమే వెదజల్లే నల్ల పలకది రెండున్నర. ట్యూబ్‌లైట్ ప్రకాశం 10,000 అనుకుంటే దాని ప్రతిబింబం రెంటి మీదా 400 క్యాండెలాలే. అంటే నలుపు మీద ఆ గీత చుట్టూ ఉన్నదానికి 160 రెట్లు, తెలుపు మీద 9 రెట్లు. పూత ఒకటే అయినా నల్లది నిగనిగలాడుతుంది, తెల్లది సాదాగా కనిపిస్తుంది. 2000లో పెల్లచీని, ఫెర్వెర్దా, గ్రీన్‌బర్గ్ మనుషులకు చిత్రాలు చూపించి తేల్చిందీ ఇదే దారిలో ఉంది. మెరుపును మన కన్ను రెండు విధాలుగా కొలుస్తుంది. ప్రతిబింబానికీ పలకకూ మధ్య తేడా ఎంత, ప్రతిబింబం అంచు ఎంత పదును. తెల్ల షట్టర్ మెరవాలంటే రిఫ్లెక్షన్ పెంచి లాభం లేదు. దాని ఎదురుగా చీకటి వస్తువొకటి ఉండాలి. నల్ల చిమ్నీ గానీ, తెరిచిన తలుపు అవతలి నీడ గానీ. ఫోటోగ్రాఫర్లు తెల్ల వస్తువు పక్కన నల్ల అట్ట నిలబెట్టడం ఈ కిటుకే.

ఇంతకన్నా పాత మాట ఒకటుంది. 1937లోనే రిచర్డ్ హంటర్ మెరుపు ఒకటి కాదు, ఆరు రకాలని విడదీశాడు. పరిశ్రమ వాటిలో ఒకదాన్ని గట్టిగా పట్టుకుంది. 60 డిగ్రీల కోణంలో వెలుగు కొట్టి, తిరిగొచ్చినదాన్ని నల్లగాజు ప్రమాణంతో పోల్చి ‘గ్లాస్ యూనిట్లు’ అంటుంది. ఆ నల్లగాజుకు 100. హైగ్లాస్ ఆక్రిలిక్ పలకలు సాధారణంగా 85 పైన ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో మాత్రం ‘రఫ్‌నెస్’ అని 0 నుంచి 1 దాకా స్లైడర్ ఉంటుంది. ఈ రెండు కొలతలకూ అందరూ ఒప్పుకున్న మార్పిడి పట్టిక లేదు. పైగా బర్లీ పద్ధతిలో ఆ అంకెను లోపల వర్గం చేసి వాడతారు. క్యాటలాగ్‌లో 90 అని ఉన్నదాన్ని బొమ్మలో ఎంత పెట్టాలో ప్రతి డిజైనరూ కంటి అంచనాతోనే తేలుస్తున్నాడు. కంపెనీలు డిజైనర్లకు ఇచ్చేది ఎక్కువగా ఒట్టి జేపెగ్ ఫోటో. ఒక్కోసారి ఆ ఫోటోలోనే స్టూడియో దీపం మెరుపు పడి ఉంటుంది. దాన్ని షట్టర్ మీద అతికిస్తే దీపం ఎటున్నా మెరుపు ఒకే మూల నిలబడిపోతుంది.

ఫినిష్‌ల సంగతికొస్తే, ‘గ్లాసీ’ అని కస్టమర్ అనేది కనీసం అయిదు వేర్వేరు వస్తువులు. ఆక్రిలిక్ దాదాపు నున్నటి పలక, ఎండీఎఫ్ బోర్డు మీద సరిగా నొక్కితే ప్రతిబింబం వంకర్లు పోదు. పీయూ పెయింట్ స్ప్రేగన్‌తో కొట్టేది. ఎంత బఫింగ్ చేసినా నారింజ తొక్క మీద ఉండేలాంటి సన్నటి అల మిగులుతుంది, అందులో ట్యూబ్‌లైట్ గీత అంచు వణుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో దానికి చాలా తక్కువ ఎత్తున్న నార్మల్ మ్యాప్ (ఉపరితలం మీద ఎత్తుపల్లాలు ఉన్నట్టు చూపించే చిత్రం) కావాలి. రఫ్‌నెస్ పెంచితే రాదు. రఫ్‌నెస్ ప్రతిబింబాన్ని మసకబారుస్తుంది, పీయూ వంకర తిప్పుతుంది. ఈ తేడా పట్టుకున్న బొమ్మలు అరుదు. వెనక రంగు వేసిన లాకర్డ్ గాజులో వెలుగు ముందు ముఖం మీద తిరుగుతుంది, రంగు మాత్రం నాలుగైదు మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. హ్యాండిల్ ప్రతిబింబం, నీడ వేర్వేరు లోతుల్లో కనిపించేది అందుకే. హైగ్లాస్ లామినేట్‌ను మన దగ్గర ఏ కంపెనీదైనా సన్‌మైకా అనే అంటారు. కొత్తలో ఆక్రిలిక్‌తో పోటీ పడుతుంది గానీ, దగ్గరగా చూస్తే కింది బోర్డు గరుకు లీలగా పైకి తేలుతుంది. ఇక టేకు వెనీర్ మీద పాలిష్ అంటే రెండు పొరలు. కింద వెలుగును చెదరగొట్టే చెక్క, పైన పారదర్శక పూత. ఒకే స్లైడర్ ఉన్న సాఫ్ట్‌వేర్‌లో చెక్కనే మెరిపించాల్సి వస్తుంది, అది తడిసిన అట్టలా తయారవుతుంది. క్లియర్‌కోట్ విడిగా ఉండడం వల్ల అసలు లాభపడేది ఇక్కడే.

ఇంత సరిచూసినా బొమ్మ ‘కంప్యూటర్‌ది’ అని తెలిసిపోతుంది. ఎందుకో అడగాల్సింది షట్టర్లు బిగించే కార్పెంటర్‌ని. పక్కపక్కనే ఉన్న నాలుగు షట్టర్లు ఒకే తలంలో ఉండవు. హింజ్ స్క్రూ అర చుట్టు తేడా వస్తే చాలు. ఒక షట్టర్ అర డిగ్రీ తిరిగితే ప్రతిబింబం రెట్టింపు, ఒక డిగ్రీ తిరుగుతుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న ట్యూబ్‌లైట్ అందులో అయిదు సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. నిజం వంటింట్లో ఆ గీత షట్టర్ షట్టర్‌కీ తెగి, కాస్త పైకీ కాస్త కిందికీ దూకుతూ పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ మూల నుంచి ఈ మూలకి ఒకే గీత. అలాగే అంచులు. గణితంలో షట్టర్ అంచుకు మందం లేదు, ఎడ్జ్ బ్యాండ్ వేసిన షట్టర్‌కు ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రం ఉంటుంది. ఆ సన్నటి గుండ్రం ఎటు నుంచైనా ఏదో ఒక దీపాన్ని పట్టుకుని వెలుగు గీతగా చూపిస్తుంది. వీ-రే అనే రెండరింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ బ్లెండర్‌లోనూ మోడల్ మార్చకుండానే అంచు గుండ్రం చేసే సదుపాయం ఉంది. ఒక్కో షట్టర్‌ను అటూ ఇటూ పావు డిగ్రీ తిప్పడానికి ఏ సదుపాయమూ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. రెండు గంటల రెండరింగ్ కన్నా ఈ పది నిమిషాల పని బొమ్మకు ఎక్కువ నిజం తెస్తుందని నా అభిప్రాయం.

పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో నాలుగు శతాబ్దాల కిందటి టైల్ పనిని చూస్తే ఈ మాటకు రుజువు దొరుకుతుంది. రంగు రంగు మెరుగు పలకలను ముక్కలుగా కోసి, నమూనా ప్రకారం చేత్తో గోడకు అతికించారు. ఏ ముక్కా పక్కదానితో సరిగ్గా ఒకే తలంలో లేదు. నడుస్తూ చూస్తుంటే మెరుపు ముక్క నుంచి ముక్కకు గెంతుతుంది. ఆ గోడను నున్నటి ఒకే తలంగా మోడల్ చేసి, మీద ఫోటో అతికించి చూడండి, వాల్‌పేపర్‌లా ఉంటుంది. రంగులన్నీ సరిపోయినా ఆ గోడ రాదు.

ఇప్పుడు అసలు చిక్కు, అంటే గది. హైదరాబాద్ 17 డిగ్రీల పైచిలుకు ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో సూర్యుడు మిట్టమధ్యాహ్నం నడినెత్తికి వస్తాడు. అలాంటి రోజుల్లో కూడా పాతబస్తీ ఇరుకు గల్లీలో నేల దాకా ఎండ దిగేది మధ్యాహ్నం కాసేపే. మిగతా పగలంతా లోపలికి వచ్చేది ఎదుటి గోడకు తగిలి, దాని రంగు పూసుకుని వచ్చే వెలుగు. చౌమహల్లా లాంటి ప్రాసాదాల్లోనూ పాత దేవిడీల్లోనూ ఆ లోటు తీర్చడానికి మధ్యలో అంగణం ఉండేది. ఎనభై గజాల ఇంట్లో అది ఇమడదు. కాబట్టి పగలు ఆకుపచ్చ గోడ, రాత్రి ఒకటో రెండో ట్యూబ్‌లైట్లు. ఆ వంటింటి షట్టర్‌లో ప్రతిబింబించడానికి ఉన్నది ఇదే. సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పర్యావరణ చిత్రాలు ఎక్కువగా యూరప్ స్టూడియోలవీ, విశాలమైన మైదానాలవీ. వాటి వెలుగులో ఏ పలకైనా ఖరీదుగా కనిపిస్తుంది. లాడ్ బజార్‌లో లక్కగాజులు అమ్మేవాళ్లకు ఈ విషయం ఎవరూ నేర్పక్కర్లేదు. గాజు ముక్కలు పొదిగిన గాజుల మీద వరసలు వరసలుగా బల్బులు వేలాడదీస్తారు. ఒక్కో ముక్కలో ఒక్కో బల్బు. అవే గాజులు ఇంట్లో ఒక్క దీపం కింద సగం మెరుపుతో ఉంటాయని కొనేవాళ్లకూ తెలుసు. త్రీడీ చూసి కొనేవాళ్లకు మాత్రం ఆ వెలుగు దుకాణానిదని తెలియదు.

సాఫ్ట్‌వేర్లలో ఏది మంచిదన్న చర్చ నాకంత ముఖ్యంగా తోచదు, అయినా క్లుప్తంగా చెబుతాను. ఎమ్మాన్యుయెల్ ప్యూబరే మొదలుపెట్టిన స్వీట్ హోమ్ 3డీ ఉచితం. మామూలు తెర మీద మెరుపు నామమాత్రం, ఫోటో తీసే విభాగంలో నాణ్యత పెంచితేనే రే ట్రేసింగ్ దిగుతుంది. స్కెచప్‌ను మన దగ్గర కార్పెంటర్ కొడుకుల నుంచి ఆర్కిటెక్టుల దాకా వాడుతున్నారు. చాలాకాలం దాని సొంత తెర మీద ప్రతిబింబమన్నదే లేదు, వీ-రేనో ఎన్‌స్కేపో తగిలించుకోవాల్సి వచ్చేది. 2025 వెర్షన్‌తో ఫోటోరియల్ మెటీరియల్స్, పర్యావరణ చిత్రాలు దానిలోపలికే వచ్చాయి. కూహోమ్, ఫోయర్ నియో లాంటివి బ్రౌజర్‌లో పనిచేసి, రెండరింగ్‌ను తమ సర్వర్లలో చేసి పంపుతాయి. బలమైన గ్రాఫిక్స్ కార్డు కొనలేని చిన్న దుకాణానికి ఇది నిజమైన మేలు. అయితే వాటి లైబ్రరీ ఇచ్చిన ఫినిషే దిక్కు. రియల్-టైమ్ రెండరర్లలో ఒక జాగ్రత్త అవసరం. తెర మీద కనిపిస్తున్నదాన్నే ప్రతిబింబంగా వాడుకునే పద్ధతి ఉన్న చోట, కెమెరా వెనకున్న గోడ షట్టర్‌లోకి రాదు. వంటింట్లో ఆ గోడే ముఖ్యం. పాత్ ట్రేసింగ్‌లో ఈ లోపం లేదు గానీ బొమ్మ గింజలు గింజలుగా వస్తుంది. గింజలు తుడిచే డీనాయిజర్ తొందరపడితే ప్రతిబింబంలోని సన్నటి వివరాలు కూడా కొట్టుకుపోతాయి.

ఈమధ్య ఇంకో దారి పడింది. స్కెచప్ తెరను ఫోటో తీసి ఏఐకి ఇచ్చి ‘నిజంలా చెయ్యి’ అనడం. మెరుపు చూస్తే నోరు తెరుస్తాం. ఏటవాలు కోణం, అంచు గుండ్రం, పీయూ వణుకు అన్నీ వచ్చేస్తాయి, ఎందుకంటే అది లక్షల నిజం ఫోటోలు చూసింది. కానీ షట్టర్‌లో కనిపించే గదికీ బొమ్మలో ఉన్న గదికీ పొంతన ఉండదు. నాలుగు డ్రాయర్లు మూడవుతాయి, ప్రొఫైల్ హ్యాండిల్ కాస్తా మామూలు హ్యాండిల్ అవుతుంది. ఊహాచిత్రంగా ఫరవాలేదు. ఆర్డర్ కాగితానికి జత చేస్తే గొడవే.

జత చేస్తున్నారు కాబట్టే ఈ సమీక్ష రాయాల్సి వచ్చింది. త్రీడీ ఇప్పుడు ప్రకటన బొమ్మగా ఆగిపోలేదు, వాట్సాప్‌లో వెళ్లి మాట ఇచ్చినట్టు అవుతోంది. పైగా ఫోన్ తెర బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి చూస్తారు. వాట్సాప్ బొమ్మను కుదించేటప్పుడు ప్రతిబింబం మెల్లగా పలచబడే చోట్లు మెట్లు మెట్లుగా విరుగుతాయి.

దీనికి పెద్ద ఖర్చు లేని పని ఒకటుంది. ప్లాస్టరింగ్ అయిన వంటింట్లో, షట్టర్లు రాబోయే చోట నిలబడి, ఎదురుగా ఉన్నదాన్ని ఫోన్‌తో చుట్టూ తిప్పి ఫోటో తీయాలి. ఎక్స్‌పోజర్ లాక్ చేసి వెలుతురుకొకటి, నీడకొకటి తీస్తే ఇంకా మంచిది. డెబెవెక్ మెరిసే బంతిని ఫోటో తీసి చేసిన పనికి ఇది చిన్న రూపం. ఆ ఫోటోను పర్యావరణ చిత్రంగా పెట్టి, పగలు ఒకటి, రాత్రి ట్యూబ్‌లైట్ వేసి ఒకటి రెండర్ చేయాలి. రాత్రి బొమ్మ అడగనివాళ్లే ఎక్కువ, వంట చేసేది సగం రాత్రే అయినా. దుకాణం ఈ గంట పని చేయకపోవడానికి కారణం సాంకేతికం కాదు. ‘ఆర్డర్ ఇస్తే త్రీడీ ఫ్రీ’ అన్న చోట ఆ గంటకు కూలి ఎవరూ ఇవ్వరు.

త్రీడీతో పాటు ముక్క కూడా అడగాలి. కంపెనీ శాంపిల్ పుస్తకంలోది అరచేతి సైజు ఉంటుంది, దాంట్లో ట్యూబ్‌లైట్ పట్టదు. వర్క్‌షాపుల్లో పాత పనుల్లో మిగిలిన అడుగు, అడుగున్నర ముక్కలు గోడకు ఆనించి ఉంటాయి. అలాంటిది ఒకటి ఇంటికి తెచ్చి, షట్టర్ రాబోయే ఎత్తులో గోడకు ఆనించి, గుమ్మంలో నిలబడి చూసుకుంటే సరిపోతుంది. దుకాణంవాళ్లు దీనికి సాధారణంగా కాదనరు, తిరిగిచ్చేదాకా చిన్న అడ్వాన్సు మాత్రం పెట్టుకుంటారు.